ఎవరు గుణించమన్నారు?

రాడార్ ఇంజనీరు సగం గడ్డంతో మాయమయ్యాడు.

బార్బర్ వేడినీళ్ళ కోసం వెనక గదిలోకి వెళ్ళి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. మెడకు చుట్టిన తెల్లగుడ్డ నేల మీద పడి ఉంది. ఎదురుగా పేపర్లు అమ్ముకునే ఆసామి చూశాడట. తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరు ఒక మనిషిని చెరో రెక్కా పట్టుకుని అంబులెన్సు ఎక్కించారు. ఫిట్స్ వచ్చాయన్నారు. జనం అయ్యో పాపం అని దారిచ్చారు. ఆ నంబరు గల అంబులెన్సు ఊళ్ళో ఏ ఆసుపత్రికీ లేదని సాయంత్రానికి తేలింది.

తీరం పొడవునా ఉన్న రాడార్లు ఏ దిక్కున చూస్తాయో, ఏ సందున చూడలేవో తెలిసిన బుర్ర అది. ఆ బుర్ర సముద్రం దాటితే తీరమంతా తలుపుల్లేని ఇల్లే.

డ్రై క్లీనింగ్ షాపు పై అంతస్తులో, ఆవిరి వాసన వేసే గదిలో, గూఢచారి శాఖ డైరెక్టర్ తలుపు గడియ పెట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంటును శాఖలో అందరూ నిమ్మళం అంటారు. బాంబు వైర్లు కత్తిరిస్తూ కూడా ఆవులిస్తాడని ప్రతీతి. ఆ రోజు మాత్రం ఆవులించలేదు. మాయమైన ఇంజనీరు అతనికి సొంత బావ, అక్క మొగుడు.

రూలు ప్రకారం ఈ కేసు నీకు ఇవ్వకూడదని డైరెక్టరే అన్నాడు. కానీ శాఖలో లీకు ఉంది. గడిచిన రెండు ఆపరేషన్లు మొదలవకముందే అవతలివాళ్ళకు తెలిసిపోయాయి. ఎవరి నోరో తెలియదు. అందుకని ఈసారి వైర్‌లెస్ సెక్షన్‌కు చెప్పేది లేదు, సంకేతాలు విప్పే సైఫర్ సెక్షన్‌కు చెప్పేది లేదు.

"నువ్వూ నేనూ. మూడో చెవి ఉండకూడదు. మీ బావను అమ్ముకోవని నేను నమ్మగలిగినవాడివి నువ్వొక్కడివే."

ఇంజనీరును ఎత్తుకుపోయిన ముఠాలో శాఖకు ఒక మనిషి ఉంది. ఫైల్లో ఆమె పేరు వేరియబుల్. ఇక్కడా జీతం తీసుకుంటుంది, అక్కడా తీసుకుంటుంది. ఎవరు ఏ విలువ వేస్తే ఆ విలువకు తిరుగుతుందని డైరెక్టరే ఆ పేరు పెట్టాడు. బయట ప్రపంచానికి మాత్రం ఆమె రేడియోలో మధ్యాహ్నం పూట పాఠం చెప్పే లెక్కల మేడమ్. దేశంలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ గొంతు తెలుసు.

అక్కడి నుంచి నిమ్మళం అక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె టెలిఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పోలీసులు వచ్చి రాసుకుని పోయారట. ఉతికిన బావ చొక్కాలు ఇస్త్రీ చేసి, మడత విప్పి, మళ్ళీ ఇస్త్రీ చేసినట్టుంది. బల్ల మీద వేడి ఇంకా తగ్గలేదు. తమ్ముడు తూనికలు కొలతల శాఖలో గుమస్తా అని ఆమె నమ్మకం. అతను వెళ్ళి పక్కన కూర్చోగానే భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చంకలో ఉన్న పిస్తోలు తగలకుండా అతను మెల్లగా అటు తిరిగి రెండో భుజం ఇచ్చాడు.

"నీకు తెలిసిన పెద్దవాళ్ళు ఎవరూ లేరట్రా?" అని అడిగింది.

"ఎవరూ లేరక్కా."

"ఇన్నేళ్ళు ఉద్యోగం వెలగబెట్టి ఏం సంపాదించావురా, ఒక్క మనిషి పరిచయమైనా లేకుండా."

ఆ ఇంట్లో ఏం అనాలన్నా శాఖ అనుమతి కావాలి.

వేరియబుల్‌తో మీటింగు మర్నాడు ఉదయం కళ్ళద్దాల షాపులో. కళ్ళు పరీక్ష చేసే చీకటి గదిలో అతను కుర్చీలో కూర్చుని గోడ మీది అక్షరాలు చూస్తుంటే, మనిషి కన్నా ముందు అత్తరు లోపలికి వచ్చింది. తర్వాత నల్లకోటు, మెడలో ముదురు నీలం స్కార్ఫు, ఒక చెవికి మాత్రమే ముత్యం. రేడియో వినే పిల్లలు ఆమెను దళసరి అద్దాల ముసలి టీచరుగా ఊహించుకుంటారని అతనికి తెలుసు. తనూ అలాగే ఊహించుకున్నాడు.

"దూరపు చూపా, దగ్గరి చూపా?" అంది ఆమె. కోడ్ వర్డ్.

"రెండూ పోయాయి," అన్నాడు అతను. అది జవాబు.

ఆమె నిలబడే అంతా చెప్పింది. మీ బావ బతికే ఉన్నాడు. మత్తు మందు ఇచ్చి, హార్బరు యార్డులో ఒక కంటెయినర్‌లో పెట్టారు. ఏ కంటెయినరో ముఠాలో ఇద్దరికి తప్ప తెలియదు. లోపల విషవాయువు సిలిండర్ ఉంది. దాని బటన్ క్రేన్ ఆపరేటర్ జేబులో ఉంటుంది. వాడు వాళ్ళ మనిషే. పోలీసు విజిల్ వినపడినా, యార్డులో సోదా మొదలైనా నొక్కేస్తాడు. రేపు సాయంత్రం పోటుకి విదేశీ ఓడ బయల్దేరుతుంది. ఏ పెట్టెను ఎత్తాలో ఆపరేటర్‌కు చివరి నిమిషంలోనే తెలుస్తుంది. హార్బరు ఫోన్లన్నీ మీవాళ్ళు వింటున్నారని ముఠాకు తెలుసు కాబట్టి ఆ సమాచారం రేడియోలో పోతుంది. నా పాఠంలో.

స్టూడియోలో సౌండ్ ఇంజనీరు ఆమె మీద కాపలా. పాఠం మొదలయ్యేటప్పుడు వాడే ఒక లెక్క ఇస్తాడు. ఆమె దాన్ని రెండో లెక్కగా చదివి, సమాధానం పిల్లలకు ఇంటిపనిగా వదిలేయాలి. సమాధానంలో ముందుండే సంఖ్య బ్లాకు. ఎక్స్ మీది ఘాతాంకం, అంటే పవర్, వరస. వై మీది ఘాతాంకం ఆ వరసలో పెట్టె స్థానం.

"ఒక్కసారి లోపలికి వెళ్ళాక నా నోరు పాఠ్యపుస్తకం. ఇంకో మాట దొర్లదు. లెక్క మీరే చేసుకోవాలి," అంది. ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. "ఘాతాంకాల సూత్రాలు గుర్తున్నాయా?"

అందమైన ఆడమనిషి ఎదురుగా నిలబడి అడిగితే మగవాడు ఏం చెబుతాడో నిమ్మళమూ అదే చెప్పాడు. గుర్తున్నాయన్నాడు.

ప్రతిఫలంగా ఆమె కోరింది ఒకటే. రెండు వైపులా జీతం తీసుకునేవాళ్ళకు రెండు వైపులా గొయ్యి సిద్ధంగా ఉంటుంది, ఇంక ఓపిక లేదు, బయటపడాలి. పాఠం అయిపోగానే స్టూడియో వెనక గేటు దగ్గర కారు ఉంటుందని అతను మాటిచ్చాడు. ఆమె స్కార్ఫు సర్దుకుని, కౌంటర్ దగ్గర చలవ అద్దాలు బేరమాడి, కొనకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం హార్బరు కంచె బయట, పురుగుమందుల కంపెనీ పేరు రాసిన వ్యానులో, నిమ్మళం, డైరెక్టర్ ఇద్దరే కూర్చున్నారు. నిమ్మళం ఒంటి మీద ఫ్యూమిగేషన్ ఇన్‌స్పెక్టర్ యూనిఫాం, మెడలో గ్యాస్ మాస్కు. చేతిలో గ్యాస్ మీటరు లాంటి డబ్బా. నిజానికి అది సీలు చెదరకుండా తాళం తీసే యంత్రం. గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది కాబట్టి పిస్తోలు వ్యానులోనే వదిలేయాలి. పాఠం అవగానే మేడమ్‌ను తెచ్చుకోవడానికి కారు అప్పటికే స్టూడియో ఉన్న గుట్ట ఎక్కింది. డ్రైవరుకు ఇచ్చిన ఆర్డరు చిన్నది: ప్రోగ్రాం అయ్యేదాకా కదలకు.

రేడియోలో ఆ గొంతు వచ్చింది. చల్లగా, తొందర లేకుండా మొదటి లెక్క చెప్పింది. తర్వాత రెండోది.

"మూడు ఎక్స్ స్క్వేర్ వై, ఇంటూ, నాలుగు ఎక్స్ క్యూబ్, వై టు ది పవర్ ఫైవ్. సూక్ష్మీకరించండి. సమాధానం మీరే రాబట్టండి."

నిమ్మళం వ్యాను అద్దం మీది దుమ్ములో వేలితో రాశాడు. మూడు నాలుగులు పన్నెండు. అక్కడిదాకా ఇద్దరికీ పేచీ లేదు. ఎక్స్ మీద ఒకచోట రెండు, ఇంకోచోట మూడు. నిమ్మళం వేలు ఆగింది. ఎక్కడో, ఏదో క్లాసులో, కిటికీ పక్క బెంచీలో కూర్చుని దీన్ని విన్నట్టే ఉంది, ఏం విన్నాడో మాత్రం గుర్తు రాలేదు. డైరెక్టర్ కాలేజీలో చరిత్ర చదివినవాడు. మధ్యలో ఉన్న గుర్తు ఇంటూ అయినప్పుడు అన్నీ ఇంటూయే కదా అన్నాడు. ఆ మాట సబబుగా తోచింది. రెండు మూళ్ళు ఆరు. వై మీద ఒకచోట ఏమీ లేదు. ఏమీ లేకపోతే ఒకటి ఉన్నట్టని మాత్రం నిమ్మళానికి గట్టిగా గుర్తుంది. ఒకటి అయిదులు అయిదు. డైరెక్టర్ మళ్ళీ మొదట్నుంచి చేశాడు. అదే వచ్చింది. ఇద్దరికీ ఒకటే వచ్చిందంటే రైటే అనుకున్నారు.

పన్నెండో బ్లాకు, ఆరో వరస, అయిదో పెట్టె.

గేటు దగ్గర ఎవరూ అనుమానించలేదు. యార్డులో కంటెయినర్లు కిటికీల్లేని ఊరిలా బారులు తీరి ఉన్నాయి. పైన క్రేన్ క్యాబిన్‌లో ఆపరేటర్ రేడియో పెద్దగా పెట్టుకుని వింటున్నాడు. అతని చెవిలోనూ అదే పాఠం. నిమ్మళం తాపీగా నడిచి, రెండు మూడు పెట్టెల దగ్గర ఆగి మీటరు చూసినట్టు నటించి, ఆరో వరసలో అయిదో పెట్టె దగ్గరికి వెళ్ళాడు. తాళం చప్పుడు లేకుండా విడింది. తలుపు మనిషి పట్టేంత తెరిచి లోపలికి దూరాడు.

గడ్డి మధ్య పేర్చిన స్నానాల తొట్లు. తెల్లగా, నున్నగా, ఒకదానిలో ఒకటి. చివరిదాకా పాకాడు. ప్రతి తొట్టిలోనూ చెయ్యి పెట్టి తడిమాడు. గొంతు తగ్గించి బావా అని పిలిచాడు. ఇనుప గోడలు ఆ పిలుపును తిరిగి అతనికే ఇచ్చాయి.

బయటికి వచ్చి, కాలరులో ఉన్న వైర్‌లెస్‌లో డైరెక్టర్‌కు చెప్పాడు. డైరెక్టర్, మేడమ్ మనల్ని అమ్మేసిందని అన్నాడు. ఇలా అవుతుందని మొదటి నుంచీ లోపల ఎక్కడో అనుకుంటూనే ఉన్నానన్నాడు. బయటికి వచ్చెయ్యమన్నాడు. ఓడను ఆపలేమా అని నిమ్మళం అడిగాడు. ఓడ కాగితాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి, అది విదేశీ జెండా, సాక్ష్యం లేకుండా తాడు ముట్టుకున్నా రెండు ప్రభుత్వాలూ మెడ పట్టుకుంటాయి. మిగతా పెట్టెలు వెతికితే పైవాడు బటన్ నొక్కుతాడు. అన్ని దారులూ తనే చెప్పి, అన్ని తలుపులూ తనే మూసి, డైరెక్టర్ ఊరుకున్నాడు.

క్రేన్ కదిలింది. పన్నెండో బ్లాకులో ముందు వరసల పెట్టెల్ని ఒక్కొక్కటే పైకెత్తి ఓడ మీదికి చేర్చడం మొదలుపెట్టింది. నిమ్మళం చేతులు వేలాడేసుకుని చూస్తూ నిలబడ్డాడు. ఏ పెట్టె లేచినా అందులో బావ ఉన్నట్టే ఉంది. పరిగెత్తి ఏ ఒక్కదాన్ని పట్టుకున్నా బావను తన చేత్తో చంపినట్టే. పట్టుకోకపోతే బావను తన కళ్ళతో సాగనంపినట్టే. అక్కకు ఏం చెప్పాలి? తూనికలు కొలతల గుమస్తాకు ఏం తెలుస్తుంది, ఏమీ చెప్పనక్కర్లేదు కూడా.

దగ్గర్లో లారీల కాటా ఉంది. దాని పక్కన చిన్న గది. గదిలో కాటా గుమస్తా స్టూలు మీద కూర్చుని రేడియో వింటున్నాడు. మంచినీళ్ళు అడిగితే ఇచ్చాడు. లెక్కలు తనకు ఒక్క ముక్క రావనీ, ఆ గొంతు కోసం రోజూ వింటాననీ సిగ్గుపడుతూ చెప్పాడు. పాఠం అయిపోయింది, సందేహాల సమయం మొదలైంది, ఫోన్ చేసిన పిల్లలకు మేడమ్ జవాబులు చెబుతోంది. ఎవరో అమ్మాయి బ్రాకెట్టులో ఎక్స్ స్క్వేర్, దాని మీద మళ్ళీ పవర్ మూడు ఉంటే ఏం చెయ్యాలని అడిగింది.

"పవర్ మీద పవర్ వస్తే గుణించాలి తల్లీ. రెండు మూళ్ళు ఆరు. ఎక్స్ టు ది పవర్ సిక్స్," అంది మేడమ్.

నిమ్మళానికి ఒళ్ళు మండింది. తను చేసిందీ అదే కదా. రెండు మూళ్ళు ఆరే కదా. అంటే లెక్క తప్పలేదు, మనిషే తప్పింది. గుమస్తా బల్ల మీద ఫోను ఉంది. ఆఫీసుకు చేసుకుంటానని చెప్పి రేడియోలో చెప్పిన నంబరు తిప్పాడు. ఫోన్ చేసి సాధించేది ఏమీ లేదని అతనికి తెలుసు. గాలిలో తన సమాధానం చదివితే, ముఠాకు తన ఉనికి చదివి వినిపించినట్టే. కానీ చేతిలో ఇంకేమీ మిగల్లేదు. కనీసం ఆ గొంతు అబద్ధం ఆడటం చెవులారా వినాలనుకున్నాడు.

ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. క్రేన్ ఇంకో పెట్టెను ఎత్తింది. ఈసారి మోగింది. గుమస్తా రేడియోను చప్పున తగ్గించాడు, కళ్ళు పెద్దవి చేసుకుని.

నిమ్మళం గొంతు మార్చాడు. "మేడమ్, మా అమ్మాయికి రెండో లెక్క నేను చేసి చూపించాను. తప్పంటోంది."

"మీకెంత వచ్చింది చెప్పండి."

"పన్నెండు ఎక్స్ పవర్ ఆరు, వై పవర్ అయిదు."

అటు నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో స్టూడియోలో ఏం జరిగిందో తర్వాత వార్తలు చదివే ఆవిడ చెప్పింది. తన వంతు కోసం ఆమె అదే గదిలో మూల కుర్చీలో కూర్చుని ఉందట. అద్దానికి అవతల సౌండ్ ఇంజనీరు తల ఎత్తాడు. మేడమ్ వైపు చూసి వేలు అడ్డంగా ఊపాడు. సరే అని ఫోను పెట్టెయ్యమని దానర్థం. మేడమ్ ఆ వేలు చూసింది. చెవికున్న ముత్యం ఒకసారి ముట్టుకుంది. తర్వాత మైకు దగ్గరికి జరిగింది.

"తప్పు," అంది. "ఎక్స్ స్క్వేర్ అంటే ఏమిటండీ?"

"ఎక్స్ ఇంటూ ఎక్స్."

"ఎక్స్ క్యూబ్?"

"ఎక్స్ ఇంటూ ఎక్స్ ఇంటూ ఎక్స్."

"రెండూ పక్కపక్కన పెట్టండి. ఎన్ని ఎక్స్‌లున్నాయి?"

నిమ్మళం కళ్ళు మూసుకున్నాడు. రెండు. మూడు. పక్కపక్కన. "అయిదు," అన్నాడు. గొంతు మార్చడం మర్చిపోయాడు.

"మరి ఆరు ఎక్కణ్ణించి వచ్చింది?"

"గుణించాను."

"ఎవరు గుణించమన్నారు?"

"పెద్దవాళ్ళు కూడా చూసి బాగుందన్నారు మేడమ్."

"పెద్దవాళ్ళకు చెప్పండి. ఇందాక ఆ అమ్మాయి అడిగింది పవర్ మీద పవర్. ఇది పక్కన పక్కన. అంకెల్ని గుణించండి, ఘాతాంకాల్ని కూడండి. వై కూడా అంతే. ఒంటరిగా నిలబడ్డ వైని లెక్కలోంచి వదిలెయ్యకండి. దాని మీదా ఒకటుంది. ఒకటీ అయిదూ కలిపితే..."

అక్కడ ఆమె గొంతు ఆగిపోయి వీణ పాట మొదలైంది.

పన్నెండు. ఎక్స్ అయిదు. వై ఆరు. అయిదో వరస, ఆరో పెట్టె. నిమ్మళం ఫోను వదిలేసి బయటికి వచ్చేసరికి క్రేన్ కొక్కేలు సరిగ్గా ఆ పెట్టె నాలుగు మూలలూ పట్టుకుని ఉన్నాయి. పెట్టె నేల వదిలింది.

నిమ్మళం జీవితంలో మొదటిసారి పరిగెత్తాడని తర్వాత శాఖలో చెప్పుకున్నారు. క్రేన్ కాలు దగ్గర ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ ఉంటుంది. పిడికిలితో దాన్ని గుద్దాడు. ఇనుము కీచుమంది. పెట్టె ఛాతీ ఎత్తున ఆగి, గడియారపు లోలకంలా ఊగసాగింది. పైన క్యాబిన్ కిటికీలోంచి ఆపరేటర్ తల బయటికి వచ్చి, ఫ్యూమిగేషన్ యూనిఫాం చూసి, ఒక్క క్షణం అయోమయపడింది. ఆ క్షణమే దక్కింది. నిమ్మళం ఊగుతున్న తలుపు పట్టుకుని పైకి పాకి, తాళానికి మీటరు ఆనించాడు. తలుపు తెరుచుకుంది. లోపల దూది పరుపులు కట్టిన గోడలు, నేలకు బిగించిన కుర్చీ, కుర్చీలో పట్టీలతో బావ. తల వాలిపోయి ఉంది. కాళ్ళ దగ్గర సిలిండర్ మీద ఎర్ర దీపం వెలిగి, బుస్సుమంటూ శబ్దం మొదలైంది.

నిమ్మళం తన మెడలోని మాస్కు తీసి బావ మొహానికి తగిలించాడు. తను ఊపిరి బిగపట్టాడు. పట్టీలు తెగడం లేదు. ఒకటి ఊడింది. కళ్ళు మండాయి. రెండోది ఊడింది. ఛాతీ పగిలిపోతుందనిపించిన చోట మూడోది ఊడింది. బావను వాటేసుకుని తలుపులోంచి వెనక్కి పడ్డాడు. కింద కాటా గుమస్తా ఉన్నాడు. ఎందుకొచ్చాడో అతనికే తెలియదు, ముగ్గురూ కలిసి తారు మీద దొర్లారు.

డైరెక్టర్ వ్యాను కంచెను చీల్చుకుని లోపలికి వచ్చింది. క్రేన్ దిగడానికి ఉన్నది ఒకటే నిచ్చెన. దాని కింద డైరెక్టర్ నిమ్మళం పిస్తోలు పట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రపు గాలికి బావ కళ్ళు తెరిచాడు. మొహంలో సగం గడ్డం, సగం నున్నగా ఉంది. బావమరిదిని పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"ఇంత ఆలస్యమేంట్రా?"

"లెక్క తప్పింది బావా."

స్టూడియోకు నిమ్మళం తనే వెళ్ళాడు. వీణ పాట అయిపోయి, వార్తలు కూడా అయిపోయాయి. మేడమ్ కుర్చీ పక్కకు ఒరిగి ఉంది. సౌండ్ ఇంజనీరు ఆమె నడుముకు ఏదో ఆనించి ముందు గుమ్మంలోంచే నడిపించుకుపోయాడని వార్తల ఆవిడ ఏడుస్తూ చెప్పింది. తను అరవలేకపోయింది, అప్పటికే మైకు ముందు ఎర్రదీపం వెలిగిందట. వెనక గేటు దగ్గర శాఖ కారు ఇంకా అక్కడే ఉంది. డ్రైవరు ఆజ్ఞ తప్పని మనిషి. కారు రేడియోలో పాట వస్తోంది కదా, ప్రోగ్రాం ఇంకా అవలేదనుకున్నాడట. నిమ్మళం అతన్ని ఒక్క మాట కూడా అనలేకపోయాడు. ఆర్డరు తనిచ్చిందే.

గుట్ట దారులన్నీ వెతికారు. రైళ్ళు, పడవలు, ఆసుపత్రులు, మార్చురీలు వెతికారు. ముఠాలో దొరికినవాళ్ళు దొరికారు. శాఖలో లీకు ఎవరో కూడా క్రేన్ ఆపరేటర్ నోటి నుంచి వచ్చింది. సైఫర్ సెక్షన్ హెడ్డు. ఆ రోజు లెక్క అతన్ని అడిగి ఉంటే సరైన సమాధానం చెప్పేవాడు, బావ శవంగా దొరికేవాడు. మేడమ్ మాత్రం దొరకలేదు. బతికి ఉందో లేదో చెప్పగలవాళ్ళు కూడా దొరకలేదు. ఆమె ఫైలు మూసేటప్పుడు విధేయత అన్న చోట, తేలలేదు అని రాశారు. ఆమె విధేయతను దేశమంతా రేడియోలో విన్నదని నిమ్మళం డైరెక్టర్‌తో పోట్లాడాడు. డైరెక్టర్, రేడియో పాఠాన్ని సాక్ష్యంగా తీసుకునే రూలు లేదని, తన చేతిలో ఏమీ లేదని అన్నాడు. అది నిజమే.

అక్క ఇంట్లో బావ తిరిగొచ్చిన సందర్భానికి భోజనం పెట్టింది. ఎవరో పెద్ద ఆఫీసరు ప్రాణాలకు తెగించి కాపాడాడట, ఆయన కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, నువ్వూ ఉన్నావు ఎందుకు అన్నట్టు చూసింది. అవునక్కా అన్నాడు నిమ్మళం. అన్నీ తెలిసిన బావ కంచంలోంచి తల ఎత్తలేదు. అతని చేత రహస్య చట్టం కింద సంతకం పెట్టించుకున్నారు.

ప్రభుత్వం నిమ్మళానికి మెడల్ ఇచ్చింది. శత్రువు సంకేతాన్ని గణిత మేధతో ఛేదించినందుకని అందులో రాసి ఉంది. దాని వెంటనే కొత్త ఏజెంట్లకు ఆల్జీబ్రా చెప్పే పని కూడా ఇచ్చారు. కాదనడానికి అతనికి దారి లేదు, తనకు వచ్చినవి రెండే సూత్రాలని రాసిస్తే మెడల్ వెనక్కి వెళ్ళడమే కాక ఇంకా చాలా సంగతులు బయటికి వస్తాయి.

డ్రై క్లీనింగ్ షాపు మీది గదిలోనే క్లాసు. పవర్ మీద పవర్ అయితే గుణించాలి, పక్కపక్కన అయితే కూడాలి. ఆ రెండూ అతను గట్టిగా చెప్పాడు, ప్రాణం పోయినా మర్చిపోవద్దన్నాడు. వెనక బెంచీలో డైరెక్టర్ కూర్చుని నోట్సు రాసుకున్నాడు. ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది. దేని మీదైనా పవర్ సున్నా వేస్తే ఒకటి అవుతుందని పుస్తకంలో ఉందట. అసలు ఏమీ మిగలకూడదు కదా, ఒకటి ఎలా మిగులుతుందని అడిగింది.

నిమ్మళం సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"అది చెప్పగలిగే మనిషి ఒకావిడ ఉంది," అన్నాడు. "ఎక్కడుందో కనిపెట్టడమే మీ మొదటి అసైన్‌మెంట్."